మూడుసార్లు చూడవలసిన సినిమా: 1932 నాటి ‘బర్డ్ ఆఫ్ ప్యారడైజ్’ను ఆస్వాదించే పద్ధతి

తెలుగువారి తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ వెలువడిన 1932వ సంవత్సరంలోనే హాలీవుడ్‌లోని ఆర్‌కేఓ సంస్థ ‘బర్డ్ ఆఫ్ ప్యారడైజ్’ అనే నలుపు తెలుపు చిత్రాన్ని విడుదల చేసింది. ఓడలో వచ్చిన ఒక అమెరికా యువకుడు దక్షిణ సముద్రాల్లోని ఒక దీవిలో అక్కడి దొర కూతురిని ప్రేమిస్తాడు, ఆమె దేవతకు చెందిన పిల్ల కాబట్టి ఎవరూ తాకకూడదన్న కట్టడి ఉంటుంది, ఇద్దరూ పారిపోయి మరో దీవిలో కాపురం పెడతారు, అగ్నిపర్వతం రగులుతుంది. కథ ఇంతే. ఆ మరుసటి ఏడు అదే సంస్థ ‘కింగ్ కాంగ్’ను తీసుకురావడంతో, ఆ కాలపు ఆర్‌కేఓ దీవి అనగానే ఎవరికైనా ఆ పెద్ద కోతే గుర్తుకు వస్తుంది తప్ప ఈ లువానా, జానీల జంట గుర్తుకు రాదు.

తిరుపతిలో మా ఇంటి మేడమీద నేను ఈ సినిమాను మూడు వేర్వేరు సందర్భాల్లో బంధుమిత్రులకు చూపించాను. మొదటిసారి ఘోరంగా విఫలమయ్యాను. చేతికందిన ప్రింటును ముందుగా పరీక్షించకుండా పెట్టడం వల్ల బొమ్మ బూడిద పులిమినట్టు కనిపించింది, శబ్దమంతా జల్లెడ పట్టినట్టు గరగరలాడింది, అరగంట తిరగకముందే సగంమంది కిందికి దిగి భోజనాలకు కూర్చున్నారు. తరువాతి రెండు సార్లు ఎవరూ లేవలేదు. తేడా సినిమాలో లేదు, చూపించిన తీరులో ఉంది. ఆ తీరునే ఇక్కడ మెట్టుమెట్టుగా వివరిస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ చిత్రంలో కథ బలహీనమైనది, కొన్ని చోట్ల తెలివితక్కువది కూడా. దాని సంగీతం, దాని నీళ్ళు, ఆ నీళ్ళమీద పడే వెలుగు మాత్రం ఈనాటికీ వన్నె తగ్గలేదు. కథ కోసం ఒక్కసారి చూసేవారు దీన్ని పక్కన పడేస్తారు, అందులో వారి తప్పేమీ లేదు. కాబట్టి దీన్ని ఒకసారి మామూలుగా, ఒకసారి చెవితో, ఒకసారి కంటితో చూడాలి. నిడివి 80 నిమిషాలే గనుక మూడు సాయంత్రాలు కేటాయించడం పెద్ద భారమేమీ కాదు.

మొదటి మెట్టు: ప్రింటును పరీక్షించడం

1960లో హక్కుల పునరుద్ధరణ జరగకపోవడంతో ఈ చిత్రం అమెరికాలో ప్రజల సొత్తు అయింది. మన దేశపు చట్టం ప్రకారం కూడా సినిమా హక్కు 60 ఏళ్ళతో తీరిపోతుంది కాబట్టి, ఇంట్లోనో ఫిలిం క్లబ్బులోనో దీన్ని చూపించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అయితే ఈ స్వేచ్ఛ వెనుకనే అసలు చిక్కు ఉంది. ఎవరికీ సొంతం కాని చిత్రాన్ని ఎవరైనా అచ్చువేయవచ్చు గనుక నకలుకు నకలు, దానికి మరో నకలు తీసిన నాసిరకం ప్రింట్లు లెక్కకు మిక్కిలిగా చలామణిలో ఉన్నాయి. ఈ చిత్రం మరుగున పడడానికి ఆ పాడు ప్రింట్లు కూడా ఒక కారణమని నా అభిప్రాయం. మంచి వెలుగునే నమ్ముకొని తీసిన సినిమాలో ఆ వెలుగే మాసిపోతే ఇక మిగిలేది ఆ బలహీనమైన కథ ఒక్కటే.

అతిథులను పిలవడానికి ముందురోజే మీరు ఒంటరిగా కూర్చొని మూడు పరీక్షలు చేయండి. నిడివి 80 నిమిషాలకు బాగా తక్కువగా ఉంటే ఎవరో కత్తిరించిన ప్రింటు అని గ్రహించి వదిలేయండి. ఆ తరువాత, లువానా రాత్రివేళ ఓడ దగ్గరికి ఈదుకుంటూ వచ్చే ఘట్టానికి నేరుగా వెళ్ళండి. నీటి లోపల ఆమె ఒళ్ళు వెండిలాగా, చుట్టూ ఉన్న నీరు మసకగా వేరువేరుగా కనిపించాలి; రెండూ కలిసి ఒకే నల్లటి ముద్దగా ఉంటే ఆ ప్రింటు పనికిరాదు. చివరగా, డప్పులు బృందగానంతో కలిసి మోగే నాట్య ఘట్టాన్ని పూర్తి శబ్దంతో వినండి. కొద్దిపాటి సన్నని బుసను సహించవచ్చు గాని, పెద్ద శబ్దం వచ్చిన ప్రతిసారీ పగిలిపోయే ధ్వనిని సహించకూడదు.

టీవీలో చేయవలసిన సర్దుబాట్లు కొన్ని ఉన్నాయి. ఆ కాలపు చిత్రపటం దాదాపు నాలుగుకు మూడు పాళ్ళలో, చదరానికి దగ్గరగా ఉంటుంది. తెర నిండాలన్న ఆశతో దాన్ని సాగదీస్తే జానీ పొట్టివాడైపోతాడు, పెద్దది చేస్తే తలలు తెగిపోతాయి. అందువల్ల రెండు పక్కలా నల్లటి ఖాళీని అలాగే ఉండనివ్వండి. కదలికలను నున్నగా చేసే సదుపాయం కొత్త టీవీల్లో ఉంటుంది, దాన్ని ఆపివేయండి, లేకపోతే అలలు ప్లాస్టిక్ కాగితంలాగా కనిపిస్తాయి. టీవీ లోపలి స్పీకర్లు డప్పుల అడుగు శబ్దాన్ని పలికించలేవు గనుక విడిగా ఒక స్పీకర్ తగిలించండి. తిరుపతి ఎండాకాలంలో మేడమీద చూపించేవారు ఏడున్నరకు ముందు మొదలుపెట్టకండి, శేషాచలం కొండమీద వెలుగు పూర్తిగా ఆరేదాకా తెరమీద నీడలు తేలవు. స్టాండు ఫ్యాను మోత సంగీతాన్ని మింగేస్తుంది కాబట్టి దాన్ని జనం వెనుక దూరంగా పెట్టండి.

రెండవ మెట్టు: తెర తీయడానికి ముందు చెప్పవలసినవి

పది నిమిషాలకు మించి ఉపన్యాసం ఇవ్వకూడదు, బొత్తిగా ఇవ్వకపోయినా నష్టమే. నేను మూడు సంగతులు మాత్రమే చెబుతాను.

మొదటిది, దీని మూలం. రిచర్డ్ వాల్టన్ టల్లీ రాసిన నాటకం ఒకటి ఇదే పేరుతో 1912లో న్యూయార్క్ రంగస్థలం మీద ప్రదర్శితమైంది. అందులో హవాయి వాద్యకారులను వేదికమీద కూర్చోబెట్టి వాయింపజేశారు, ఆ సంగీతం పట్ల అమెరికాలో పెద్ద మోజు పుట్టడానికి ఆ నాటకమే ప్రధాన కారణాల్లో ఒకటైంది. అంటే ఈ కథకు సంగీతంతో ఉన్న సంబంధం సినిమాకు ఇరవై ఏళ్ళ ముందే మొదలైందన్నమాట.

రెండవది, నిర్మాత పట్టుదల. డేవిడ్ ఓ. సెల్జ్నిక్ ఈ పనిని దర్శకుడు కింగ్ విడార్‌కు అప్పగించినప్పుడు, పేరు ఇదే ఉండాలి, చివర్లో కథానాయిక అగ్నిపర్వతంలోకి దూకాలి, మధ్యలో కథ ఏదైనా తనకు ఫరవాలేదు అన్న ధోరణిలో మాట్లాడాడని విడార్ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. ఈ ముచ్చట ముందుగా వింటే ప్రేక్షకుడు కథలోని లోటుపాట్లను చూసి చిరాకుపడడు, నవ్వుకుంటాడు. ఆ విడార్ సామాన్యుడేమీ కాదు. మూకీల కాలంలో ‘ది బిగ్ పెరేడ్’, ‘ది క్రౌడ్’ వంటి గొప్ప చిత్రాలు తీసినవాడు. చేతికి కథ ఇవ్వకపోతే అటువంటివాడు ఏం చేస్తాడో చూడడమే ఈ చిత్రంలోని ఆసక్తి.

మూడవది, కాలం. హాలీవుడ్ తనకు తాను విధించుకున్న నీతి నియమావళి 1930లోనే కాగితం మీదికి వచ్చినా, 1934 నడిమి నుండి గాని గట్టిగా అమలు కాలేదు. ఆ మధ్యలో వచ్చిన చిత్రాల్లో ఇది ఒకటి గనుక రాత్రి ఈతలో లువానా ఒంటిమీద బట్టలు లేవన్న సంగతిని అది దాచదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో కలిసి చూసేవారు ఈ విషయాన్ని ముందే తెలుసుకొని నిర్ణయించుకోవడం మంచిది. ఆ ఘట్టంలో వెకిలితనం లేదు, కాని మన ఇళ్ళల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది కూడా ఒక లెక్కే కదా.

మూడవ మెట్టు: మొదటి చూపు, ఆపకుండా

మొదటి సాయంత్రం మధ్యలో ఆపకండి, వివరించకండి, ఎవరైనా ప్రశ్న అడిగితే చివర్లో చెబుతానని దాటవేయండి. కాకపోతే, మొదలుపెట్టేముందు ఒక చిన్న పని అప్పగించండి: ‘తాడును గమనించండి’ అని మాత్రం చెప్పండి.

చిత్రం మొదట్లో ఓడ పగడపు దిబ్బల నడుమ ఇరుకు సందు గుండా ప్రశాంతమైన మడుగులోకి ప్రవేశిస్తుంది. దీవి జనం ఈదుకుంటూ, పడవలు తోసుకుంటూ ఎదురువస్తారు. అంతలో ఒక సొరచేప వస్తుంది. దాన్ని పట్టబోయిన జానీ కాలికి తాడు చుట్టుకొని అతడు నీళ్ళలోకి ఈడ్వబడతాడు, లువానా దూకి కత్తితో ఆ తాడును కోసి అతడిని బతికిస్తుంది. కథానాయకుడు నాయికను కాపాడడం అలవాటైన మనకు ఈ తారుమారు కొత్తగా అనిపించాలి. అంతేగాక, ఇద్దరి మధ్య ఒక్క మాట కూడా నడవకముందే బంధం ఏర్పడిపోయిందన్న సంగతిని దర్శకుడు ఎంత పొదుపుగా చెప్పాడో చూడాలి.

తరువాత విందు, నాట్యం, పూజారి అడ్డుపడడం, రాత్రి ఈత, ఆమెను మరో దీవి రాకుమారుడికి ఇచ్చి పెళ్ళి చేయబోవడం, జానీ వచ్చి ఎత్తుకుపోవడం ఒకదాని వెంట ఒకటి వేగంగా సాగిపోతాయి. వీటిలో కొన్నింటిని నమ్మడం కష్టమే. జానీతో వచ్చిన మిత్రుల హాస్యం కూడా బాగా పాతబడింది, ఎవరూ నవ్వకపోతే బలవంతపెట్టకండి.

ఇద్దరూ ఒంటరి దీవిలో కాపురం పెట్టినప్పుడు మాత్రం చిత్రం నెమ్మదిస్తుంది. ఆమెకు అతడి మాటలు రావు, అతడికి ఆమె మాటలు రావు. అతడు ఒక్కొక్క మాటా నేర్పుతూ ఉంటే ఆమె తప్పుతూ, నవ్వుతూ నేర్చుకుంటుంది. ఇక్కడ ఒక విశేషం ఉంది: దీవి వాళ్ళు తమ భాషలో మాట్లాడుకునేదాన్ని చిత్రం మనకు అనువదించి చెప్పదు. జానీకి ఎంత అర్థమవుతుందో మనకూ అంతే అర్థమవుతుంది. దీన్ని గౌరవమని కొందరు, నిర్లక్ష్యమని కొందరు అనవచ్చు. ఆ వాదన కోసం ఆరవ మెట్టు ఉంది.

చివరికి వచ్చేసరికి జానీ గాయపడి జ్వరంతో ఓడలో పడి ఉంటాడు. లువానా పండు రసాన్ని తన నోటితోనే అతడి నోటికి అందిస్తుంది. అమెరికా ప్రేక్షకులకు ఇది శృంగారంగా కనిపించి ఉండవచ్చు. మా మేడమీద మాత్రం వెనక వరుసలోంచి ఎవరో ‘శబరి’ అన్నారు, ఆ ఒక్క మాటతో అందరూ నిశ్శబ్దమైపోయారు. ప్రేక్షకులకు తమ సొంత పోలికలు తోచే ఇటువంటి క్షణాల్లో చూపించేవాడు నోరు మెదపకూడదు.

నాలుగవ మెట్టు: రెండవ చూపు, చెవితో

ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే సినిమా చరిత్రలో ఈ చిత్రానికి ఉన్న స్థానమంతా ఇక్కడే ఉంది.

టాకీలు వచ్చిన తొలి రెండు మూడేళ్ళలో నేపథ్య సంగీతం చాలా తక్కువగా ఉండేది. మాటను, వాద్యాన్ని ఒకేసారి పట్టవలసి రావడంతో తరువాత బొమ్మను కత్తిరించి అతికించడం కష్టమయ్యేది. దానికి తోడు, తెరమీద వాద్యకారుడు కనిపించకుండా సంగీతం వినిపిస్తే అది ఎక్కడినుండి వస్తోందని జనం అడుగుతారన్న విచిత్రమైన భయం కూడా నిర్మాతలకు ఉండేది. విడివిడిగా పట్టిన శబ్దాలను తరువాత కలిపే పద్ధతి మెరుగుపడడంతో, 1932 ప్రాంతంలో ఈ పరిస్థితి మారింది. ఆ మార్పును అందరికంటే బాగా వాడుకున్నవాడు మాక్స్ స్టైనర్. ఆయన 1888లో వియన్నాలో పుట్టాడు, 1914లో అమెరికా చేరాడు, ఆర్‌కేఓలో సంగీత విభాగానికి పెద్ద అయ్యాడు. ఈ చిత్రానికి ఆయన దాదాపు మొదటినుండి చివరిదాకా తెగని వాద్యబృంద సంగీతాన్ని కూర్చాడు. ‘కింగ్ కాంగ్’ సంగీతాన్ని మెచ్చుకునేవారు దానికి ఒక ఏడాది ముందు జరిగిన ఈ సాధనను వినకపోవడం విచారకరం.

దీన్ని వినడానికి మా ఉమ్మడి చిత్తూరు జిల్లావారికి ఒక దగ్గరిదారి ఉంది. ఊళ్ళో రాత్రంతా సాగే వీధినాటకంలో ఇద్దరు తెర పట్టుకుంటారు, ఆ తెర వెనుకనుండి వేషగాడు తన ప్రవేశ దరువుతో వస్తాడు. నిద్రమత్తులో కళ్ళు మూసుకొని ఉన్న ముసలివాళ్ళు కూడా మద్దెల దెబ్బను, దరువు నడకను బట్టి వచ్చింది ఎవరో చెప్పగలరు. స్టైనర్ అనుసరించిన పద్ధతి మూలంలో దీనికి భిన్నమైనది కాదు. ప్రేమకు ఒక వరుస, ఆపదకు మరొకటి పెట్టుకొని, సందర్భాన్ని బట్టి దాన్నే నిదానంగానో వేగంగానో, నిండుగానో సగంలో తెంచో వినిపిస్తాడు. తేడా ఏమిటంటే మన దరువు మనిషి రాకముందే వస్తుంది, స్టైనర్ వరుస మనిషి పక్కనే నడుస్తుంది.

ఇప్పుడు అభ్యాసం. రెండవ సాయంత్రం సగంమందిని తెరకు వీపు పెట్టి కూర్చోబెట్టండి. ఇరవై నిమిషాలపాటు వారు శబ్దం మాత్రమే వింటూ, తెరమీద ఏం జరుగుతోందో ఒక కాగితం మీద రాసుకోవాలి: ప్రేమ, ప్రమాదం, నీరు, పూజ, నవ్వు, ఇలా ఒక్కొక్క మాట చాలు. తరువాత అదే భాగాన్ని అందరూ కలిసి చూడండి. రాసుకున్నది, కనిపించినది ఎక్కడ కలిశాయో ఎక్కడ కలవలేదో పోల్చుకుంటే సంగీతం ఎంత పని చేస్తోందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. కలవని చోట్లే మరింత ఆసక్తికరమైనవి. సంతోషంగా కనిపించే దృశ్యం కింద దిగులు వరుస వినిపిస్తోందంటే, అక్కడ సంగీతం కథకంటే ముందు నడుస్తోందని అర్థం.

ఇక జారుతూ పలికే తీగ నాదాన్ని ప్రత్యేకంగా వెతుక్కుంటూ వినండి. అది హవాయి స్టీల్ గిటార్. గిటార్‌ను ఒళ్ళో పడుకోబెట్టి, తీగలమీద ఉక్కుముక్కను జరుపుతూ వాయించే ఆ పద్ధతిని 19వ శతాబ్దపు చివర్లో కనిపెట్టినవాడిగా పేరుపొందిన జోసెఫ్ కెకుకు, 1912 నాటి ఆ మూలనాటకం యూరప్ యాత్రకు వెళ్ళినప్పుడు దాని బృందంలో వాయించాడు. అదే వాద్యం తరువాత మన దేశానికి కూడా వచ్చింది. 1940లలో కలకత్తాలో నివసించిన టౌ మో అనే సమోవా వాద్యకారుడి కుటుంబం ఇక్కడ దాని వ్యాప్తికి తోడ్పడింది. జారు గమకాలు పలికే వాద్యమంటే మనవాళ్ళకు కొత్త ఏముంటుంది, వీణ విన్న చెవులకు అది వెంటనే చుట్టమైపోతుంది. రేడియోలో సినిమా పాటలను హవాయన్ గిటార్‌మీద విన్న తరం వారెవరైనా మీ ప్రేక్షకుల్లో ఉంటే, ఈ సాయంత్రం వారిని ముందు వరుసలో కూర్చోబెట్టండి.

ఐదవ మెట్టు: మూడవ చూపు, కంటితో

మూడవ సాయంత్రం శబ్దాన్ని పూర్తిగా ఆపివేయండి. మొత్తం చిత్రం అక్కరలేదు. ఓడ ప్రవేశం, సొరచేప, రాత్రి ఈత, ఒంటరి దీవి కాపురం, ముగింపు చాలు.

ఛాయాగ్రాహకుల్లో ఒకడైన క్లైడ్ డి విన్నా అంతకుముందే తాహితిలో ‘వైట్ షాడోస్ ఇన్ ది సౌత్ సీస్’ చిత్రీకరించి ఆస్కార్ అందుకున్నవాడు. రంగులు లేకుండా ఉష్ణమండలపు ఎండను చూపించడం ఎలాగో ఆయనకు బాగా తెలుసు. ఆకును ఆకుపచ్చగా చూపలేనప్పుడు దాని అంచున మెరుపును చూపాలి, నీటిని నీలంగా చూపలేనప్పుడు దాని కదలికను చూపాలి. తాటాకు నీడలు ముఖాలమీద ఎలా కదులుతున్నాయో, తడిసిన ఒళ్ళు పొడి ఒళ్ళుకంటే ఎంత భిన్నంగా వెలుగును పట్టుకుంటోందో గమనించండి.

మరొక సరదా పని, అసలు దీవిని కట్టిన దీవినుండి వేరుచేయడం. చిత్రీకరణలో కొంత హవాయిలో జరిగింది, వాన గాలి వారిని బాగా ఇబ్బంది పెట్టాయి, మిగిలినది కాలిఫోర్నియాలో పూర్తిచేశారు. ఆకులన్నీ ఒకే దిక్కుకు వంగి, మనుషుల జుట్టుకూడా అదే దిక్కుకు ఎగురుతుంటే అది ఆరుబయట తీసినది. మనుషుల నీడలు ఒక వైపు, వెనుక చెట్ల నీడలు మరో వైపు ఉంటే అనుమానించండి. నీళ్ళలోని మనిషి చుట్టూ అలలు చిన్నవిగా ఉండి, వెనుక సముద్రం మాత్రం పెద్ద అలలతో ఊగుతుంటే అది తొట్టిలో తీసి వెనుక తెరమీద సముద్రాన్ని వేసినది. తప్పులు పట్టడం దీని ఉద్దేశం కాదు. ఎక్కడ మోసం చేశారో తెలిశాక, ఎక్కడ మోసం లేదో ఆ చోటు మరింత అందంగా కనిపిస్తుంది.

నాట్యాలను కూడా ఈ మౌనంలోనే చూడాలి. వాటిని కూర్చినవాడు బస్బీ బర్క్లీ, తరువాతి ఏడాదినుండి వరుసలు వరుసలుగా నర్తకీమణులను బొంగరాల్లాగా తిప్పిన మనిషి. ఇక్కడ పేరు వేయలేదు గాని, చేతివాటం దాగదు. డప్పులు వినిపించనప్పుడు ఆ వలయాలు దీవి జనం ఆటలా అనిపించవు, న్యూయార్క్ రంగస్థలం లెక్కలుగా అనిపిస్తాయి.

ఆరవ మెట్టు: వేషాన్ని, గుండాన్ని చర్చకు పెట్టడం

ఇష్టపడడం వేరు, నమ్మడం వేరు. మూడు చూపులూ అయిన తరువాత తీరికగా కూర్చొని ఈ చిత్రంతో పోట్లాడాలి.

లువానా వేషం వేసిన డొలోరెస్ డెల్ రియో మెక్సికో దేశంలోని దురాంగోలో పుట్టిన నటి. దీవి పేరులేనిది, దేవత మాత్రం హవాయివారి అగ్నిదేవత పెలె, తాకరానిదన్న కట్టడికి వాడిన ‘టాబూ’ అనే మాటను 1777లో టాంగా దీవుల్లో విని ఆంగ్లంలోకి తెచ్చినవాడు కెప్టెన్ కుక్. అంటే వేల మైళ్ళ దూరంలో ఉన్న జనాల ఆచారాలను ఒకే కుండలో వండారు. మా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీర కట్టి వేషం వేస్తారు, దొర వేషం, మాతంగి వేషం వస్తాయి. అక్కడ వేషం వేసినవాడికీ, దండం పెట్టేవాడికీ ఆ కథ సొంతం, అది మొక్కు. ఈ చిత్రంలో వేషం వేసినవారికీ చూసేవారికీ కూడా ఆ కథ సొంతం కాదు. ఎవరి కథో వాళ్ళకు మాట్లాడే అవకాశం ఇచ్చారా అన్న ప్రశ్నను ముందుగా వేయండి, మూడవ మెట్టులో చెప్పిన ఆ అనువాదం లేని మాటలను గుర్తుచేయండి.

కన్యను అగ్నిపర్వతంలో బలి ఇవ్వడమన్నది నాటకాలవారు, సినిమావారు పెంచి పోషించిన ఊహ. హవాయిలో పెలెకు నైవేద్యంగా పెట్టేది ఒహెలో అనే ఎర్రటి చిన్న పండ్లను. ఆమెకు అర్పించకుండా వాటిని తినకూడదన్నది కట్టడి. 1824లో కపియొలాని అనే దొరసాని క్రైస్తవం స్వీకరించి, కిలౌయా అగ్నిగుండం దగ్గరికి దిగి, పెలెకు పెట్టకుండానే ఆ పండ్లు తిని క్షేమంగా తిరిగివచ్చింది. దేవతను ధిక్కరించి నడిచివెళ్ళిన ఆ స్త్రీ చరిత్రలో ఉండగా, తలవంచి నడిచివెళ్ళే లువానాను సినిమా ఎందుకు ఎంచుకుంది అన్నది రెండవ ప్రశ్న.

మూడవ ప్రశ్న నాది కాదు, మా మేనత్తది. ఆమెది చిత్తూరు దగ్గర పల్లె, ఏటా ధర్మరాజుల గుడిలో 18 రోజులు భారతం జరిగే ఊరు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివరినాడు దుర్యోధన వధ అయ్యాక సాయంత్రం ఉపవాసమున్న భక్తులు పసుపు బట్టలతో, ద్రౌపదమ్మను తలచుకుంటూ నిప్పుల గుండం తొక్కుతారు. ముగింపు చూసి ఆమె చాలాసేపు తెరవైపే చూస్తూ ఉండి, “అదేంది నాయనా, గుండం తొక్కినోళ్ళు అవతల గట్టుకు వస్తారు గదా, ఈ పిల్ల రాదా?” అని అడిగింది.

నాకు ఆ చిత్రం గురించి ఇంతకంటే పదునైన విమర్శ దొరకలేదు. మన గుండంలో నిప్పు పరీక్ష. దాటినవాళ్ళు అవతల కాళ్ళకు పాలు తగిలించుకొని, ఇంటికి వెళ్ళి అన్నం తింటారు. ఈ చిత్రంలో నిప్పు ఒక తలుపు, అది ఒకవైపే తెరుచుకుంటుంది. ఆమె చనిపోతే తప్ప తెల్లవాడు తన దేశానికి క్షేమంగా వెళ్ళలేడు. అతడి మిత్రులు ఆమెను అక్కడికి తీసుకుపోవడం మంచిది కాదని ముందునుండే అనుకుంటూ ఉంటారు. అగ్నిపర్వతం వాళ్ళకు ఆ ఇబ్బందిని తప్పించింది. మేనత్త ప్రశ్నను మీ ప్రేక్షకుల ముందు పెట్టి, ‘లువానా అవతలి గట్టుకు రావాలంటే కథలో ఏది మారాలి?’ అని అడిగి చూడండి. మా దగ్గర ఆ చర్చ రాత్రి పదకొండు దాటేదాకా నడిచింది, ఫ్యాను ఆపామన్న సంగతి కూడా ఎవరికీ గుర్తులేదు.

ఏడవ మెట్టు: పక్కన పెట్టి చూడవలసిన చిత్రాలు

1951లో ఇదే పేరుతో, ఇదే మూలంతో డెల్మర్ డేవ్స్ ఒక రంగుల చిత్రం తీశాడు. దాన్ని చివర చూసుకోవచ్చు, చూడకపోయినా కొంప మునిగేదేమీ లేదు.

ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ 1931లో తీసిన ‘టాబూ’ను మాత్రం అదే వారంలో చూడాలి. అది మాటలు లేని చిత్రం, బోరాబోరా, తాహితి దీవుల్లో, ఎక్కువభాగం అక్కడి జనంతోనే తీసినది. కథ కూడా ఇదే రకానికి చెందినది: దేవుడికి చెందిన పిల్ల, ఆమెను ప్రేమించిన యువకుడు, పారిపోవడం, కట్టడి వెంటాడడం. అక్కడ మధ్యలో తెల్లవాడు లేడు, బర్క్లీ వలయాలు లేవు. అది విడుదల కావడానికి వారం ముందు మూర్నౌ కారు ప్రమాదంలో మరణించాడు.

దాని ముగింపులో ప్రియురాలిని తీసుకుపోతున్న పడవను యువకుడు ఈదుతూ వెంబడిస్తాడు, పడవ వెనుక వేలాడే తాడును అందుకుంటాడు, పడవలోని పెద్దమనిషి కత్తి తీసి ఆ తాడును కోస్తాడు. ఈ ఘట్టం కాగానే ఆపి, ‘బర్డ్ ఆఫ్ ప్యారడైజ్’ మొదట్లో లువానా నీటిలోకి దూకి జానీ కాలి తాడును కోసే ఘట్టాన్ని మళ్ళీ పెట్టండి. రెండింటికీ మధ్య విరామం ఇవ్వకండి, దీపాలు వేయకండి.